లండన్‌లో ఇల్లు కొనలేక పడవ కొన్నాం: మూడేళ్ళ కాలువ కాపురం

2022 జూలైలో మా ఇంటి ఓనర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. సెప్టెంబర్ నుంచి అద్దె 1,450 కాదు, 1,750 పౌండ్లట. హౌన్‌స్లోలో ఒక బెడ్‌రూమ్, చిన్న హాలు, కిటికీ తీస్తే నెత్తి మీద నుంచి విమానాలు పోయే ఫ్లాట్ అది. దానికి తోడు కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) నెలకి 140 దాకా, పైగా ఆ ఏడాదే గ్యాస్, కరెంటు బిల్లులు ఎక్కడికో వెళ్ళిపోయాయి. మా ఆయనది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, నాది ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. చదువుకి చేసిన అప్పులు తీర్చి, మా మరిది పెళ్ళికి పంపింది పోగా, ఏడేళ్ళలో మా దగ్గర మిగిలింది 41 వేల పౌండ్లు. ఇంటికి డిపాజిట్ అయితే సరిపోతుంది కదా అనుకుని లోన్ గురించి అడిగేలోపు సెప్టెంబర్ చివర్లో ఇక్కడ వడ్డీ రేట్లు ఒక్కసారిగా ఎగిరాయి. మాకు చూపించిన నెలవాయిదా కొత్త అద్దె కంటే కూడా ఎక్కువ, అదీ ముప్పై ఏళ్ళు.

పడవ ఆలోచన మా ఆయనది. సౌతాల్ వైపు గ్రాండ్ యూనియన్ కాలువ గట్టు మీద వాకింగ్‌కి వెళ్తుంటే ఒక పడవ మీద అమ్మకానికి అని అట్టముక్క కనపడిందట, ఫొటో తీసుకొచ్చి చూపించారు. నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాడు చూస్తే ఎక్సెల్ షీట్ తయారు. ఆ మర్నాడు దాంట్లో ఇంకో రెండు కాలమ్స్. ఈయన షీట్ తయారు చేశారంటే అది జరిగి తీరుతుందని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "లండన్‌లో ఇల్లు కొంటారనుకుంటే పడవ కొంటారేంటమ్మా, మనమేమైనా చేపలు పట్టుకుని బతికేవాళ్ళమా?" అంది. నాన్న మాత్రం ఫోన్ లాక్కుని ఒకటే అడిగారు: "ఆ కాలవకి లాకులున్నాయా?" లాకులంటే కాలవలో నీటిమట్టం మారే చోట పడవని ఎక్కించడానికీ దించడానికీ రెండు వైపులా తలుపులు పెట్టి కట్టిన తొట్టె లాంటివి. ఉన్నాయి నాన్నా అన్నాను. ఆయన గొంతు మారిపోయింది. మా తాతగారు నరసాపురం కాలవ మీద లాకుల దగ్గర లస్కరుగా, అంటే వాటి తలుపులు తెరిచి మూసే ఉద్యోగిగా చేశారు. ధాన్యం పడవలూ, ఇటుకల పడవలూ, కొబ్బరికాయల పడవలూ తిరిగే రోజులవి. నాన్న చిన్నతనమంతా ఆ లాకుల పక్కన క్వార్టర్స్‌లోనే గడిచింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఈ విషయంలో నాన్న మా పార్టీ.

పడవ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అడిగినవాళ్ళలో సగం మంది కేరళ హౌస్‌బోట్ ఊహించుకుంటారు. ఇక్కడివి నేరోబోట్లు, పేరుకు తగ్గట్టు సన్నగా ఉంటాయి. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో పద్దెనిమిదో శతాబ్దంలో తవ్విన కాలవల లాకులు చాలావాటికి వెడల్పు 7 అడుగులే, అందుకని వాటిలో దూరాలంటే పడవ 6 అడుగుల 10 అంగుళాలు దాటకూడదు. బొగ్గు మోసిన రోజులు పోయినా కొలత మాత్రం మిగిలిపోయింది. మాది 50 అడుగుల పొడవు, 1998లో కట్టింది. లోపల గోడకి గోడకి ఆరడుగులు. వంటింటి దగ్గర ఇద్దరం ఎదురుపడితే ఒకళ్ళు పక్కకి ఒరిగి దారివ్వాలి, పోట్లాడుకున్న రోజు కూడా.

కొనడం గురించి వివరంగా రాస్తాను, అక్కడే ఎక్కువమంది మోసపోతారు.

మొదట చూసింది ఆ సౌతాల్ పడవ కాదు, అది అప్పటికే అమ్ముడుపోయింది. రిక్‌మన్స్‌వర్త్ దగ్గర 57 అడుగుల పడవ ఒకటి చూశాం. లోపల తెల్ల పెయింటు, ఇత్తడి కిటికీలు, పొయ్యి పక్కన పిల్లి నిద్రపోతోంది. నేను పిల్లిని చూసి పడిపోయాను. పడవకి అసలు సంగతి అడుగున ఉక్కు రేకు. మామూలుగా అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన గది గోడలు 4 ఉండేలా కడతారు. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉండి తుప్పు తింటూ పోతుంది. సర్వేయర్ వచ్చి పడవని నీళ్ళలోంచి పైకి ఎత్తించి, అల్ట్రాసౌండ్ మెషీన్ పెట్టి (కడుపుతో ఉన్నవాళ్ళకి స్కానింగ్ చేసినట్టే ఉంటుంది) అడుగడుగునా మందం కొలుస్తాడు. 4 మిల్లీమీటర్ల కంటే పలచబడితే ఇన్సూరెన్సు వాళ్ళు చాలామంది ఒప్పుకోరు. పిల్లి పడవకి నీటిగీత దగ్గర మూడు చోట్ల 3.2 వచ్చింది. పక్కన కొత్త రేకు అతికించాలంటే వేలల్లో ఖర్చు. వదిలేశాం. సర్వే ఫీజు, పడవ పైకెత్తిన ఖర్చు కలిపి దాదాపు వెయ్యి పౌండ్లు గాలికి పోయాయి. ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు. నేను మాత్రం 41 వేలు పోవాల్సింది వెయ్యితో పోయిందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

రెండోది చూడ్డానికి ఏం బాగుండదు. ముదురాకుపచ్చ రంగు అక్కడక్కడా పెచ్చులూడి, లోపల పొగాకు వాసన. రేకు మాత్రం దాదాపు అన్నిచోట్లా 5 పైనే ఉంది, రెండు చోట్ల మాత్రం 4.6. అడిగింది 44 వేలు, సర్వే రిపోర్టు చూపించి 41 వేలకి దించాం. రిపేర్లకి, పైఖర్చులకి బ్యాంకులో 6 వేలు పర్సనల్ లోన్ తీసుకున్నాం, ఇంటి లోన్ లాంటిది వీటికి ఇవ్వరు. కాగితాల దగ్గర మాకు భయమేసింది. మనకి ఇల్లు, పొలం కొంటే రిజిస్ట్రేషన్, ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఎన్ని ఉంటాయి! ఇక్కడ కాలవ పడవకి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఆఫీసు లాంటిదేమీ లేదు. అమ్మినవాడు సంతకం పెట్టిన ఒక అమ్మకపు కాగితం, పాత బిల్లులు, అంతే. దాని మీద అప్పు ఉందో లేదో మనమే విచారించుకోవాలి. మా ఆయన పాత ఓనరు కొన్నప్పటి కాగితం, అతనికి అమ్మినవాడి కాగితం కూడా తెప్పించే దాకా డబ్బు పంపలేదు. పాత ఓనరు విసుక్కున్నాడు. విసుక్కోనీ. అంత చేసినా బాత్రూమ్ కింద నీళ్ళ పైపు కారుతున్న సంగతి అతను చెప్పలేదు, చెక్క పలక పీకితే గానీ బయటపడలేదు. అదింకో ఎనిమిది వందలు.

కొన్నాక నీళ్ళ మీద ఉండాలంటే మూడు కావాలి: భద్రతా సర్టిఫికెట్ (నాలుగేళ్ళకోసారి, గ్యాస్, కరెంటు, పొయ్యి చూస్తారు, కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 నుంచి తప్పనిసరి), ఇన్సూరెన్సు, ఆ రెండూ చూపిస్తే లైసెన్సు. లైసెన్సు ఇచ్చేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు 2,000 మైళ్ళ కాలవలు, నదులు వాళ్ళ చేతిలో ఉన్నాయి, 2012లో ప్రభుత్వ సంస్థ నుంచి తీసుకున్నారు.

ఇక్కడే అసలు మెలిక. పడవకి సొంత రేవు ఉంటే, అంటే కట్టేసుకోవడానికి అద్దె చోటు ఉంటే, అక్కడే ఉండొచ్చు. లండన్‌లో కాపురం ఉండడానికి అనుమతి ఉన్న రేవు దొరకడమే గగనం, దొరికినవాటికి మేం చూసినప్పుడు ఏడాదికి పదివేల పౌండ్లు దాటి చెప్పారు. అంత ఇచ్చేవాళ్ళమైతే పడవెందుకు? రేవు లేకపోతే 1995 నాటి చట్టం ప్రకారం పడవ నిజంగా ప్రయాణంలో ఉండాలి, ఒక్కచోట 14 రోజులకి మించి ఉండకూడదు. కొన్నిచోట్ల ఏడు రోజులే. రెండు వంతెనల మధ్య అటూ ఇటూ జరిగితే కుదరదు, ఏడాది మొత్తం మీద 20 మైళ్ళ పరిధి కూడా తిరగకపోతే మామూలు లైసెన్సు బదులు ఆరునెలలది చేతిలో పెడతారు, ఇంకా మారకపోతే అదీ ఉండదు. గట్టు మీద మనిషి వచ్చి పడవ నంబరు నోట్ చేసుకుని వెళ్తుంటాడు. 2024 ఏప్రిల్ నుంచి మాలాంటి తిరుగుడు పడవలకి లైసెన్సు మీద అదనపు వడ్డింపు కూడా మొదలైంది, ఏటా కాస్త పెరుగుతుంది.

2022 నవంబర్‌లో చేరాం. అమ్మ ముహూర్తం పెట్టించింది, అదీ మన టైమ్ ప్రకారం, అంటే మాకు తెల్లవారుజామున మూడున్నర. పాలు పొంగించాలి. పొంగించాం. పాలు మాడిన పొగకి స్మోక్ అలారం కాలవ అంతా లేచేలా అరిచింది, పక్క పడవలో పెద్దాయన నైట్‌డ్రెస్సులో బయటికొచ్చి అంతా బాగానే ఉందా అని అడిగాడు. బెల్లం పరమాన్నం గిన్నెలో పెట్టి ఇచ్చాను, స్పూన్ తెచ్చుకుని అక్కడే నిలబడి తినేశాడు. ఆ తర్వాత అమ్మకి ఇంకో సందేహం: "వంట ఏ మూల చేస్తున్నావ్, ఆగ్నేయమేనా?" ఇవాళ ఆగ్నేయమే అమ్మా, వచ్చే వారం పడవ తిప్పితే వాయవ్యం అవుతుంది అన్నాను. వాస్తు గురించి మళ్ళీ అడగలేదు.

మొదటి దెబ్బ నెల తిరక్కుండానే తగిలింది. డిసెంబర్ రెండో వారంలో మంచు పడి కాలవ గడ్డకట్టింది. పడవ చుట్టూ అరంగుళం మందాన ఐసు, కదిలితే రేకుకి వేసిన నల్లరంగు గీసుకుపోతుంది. ఆయన ట్రస్టుకి ఈమెయిల్ పెట్టారు, సరైన కారణం ఉంటే 14 రోజులు దాటినా ఫర్వాలేదని చట్టంలోనే ఉంది. రోజుల సంగతి అలా తేలింది, టాయిలెట్ సంగతి తేలలేదు. మాది క్యాసెట్ టాయిలెట్. సీటు కింద ఇరవై లీటర్ల డబ్బా, ఇద్దరికి మూడు రోజులొస్తుంది, నిండాక దాన్ని తీసుకెళ్ళి కాలవ పక్కన అందుకోసమే కట్టిన గదిలో పారబోసి కడగాలి. మామూలుగా పడవలోనే అక్కడి దాకా పోతాం. గడ్డకట్టిన కాలవలో ఎలా పోతాం? రెండు కిలోమీటర్లు, మంచు గట్టు మీద, సూట్‌కేసు ట్రాలీకి డబ్బా తాళ్ళతో కట్టి లాక్కెళ్ళారు మా ఆయన. ఎదురుగా కుక్కని తిప్పుతున్న ఆవిడ "క్రిస్మస్‌కి ఊరెళ్తున్నారా?" అని పలకరించిందట. అవునన్నారట.

నీళ్ళు 350 లీటర్ల ట్యాంకు. మన ఇళ్ళలో అది ఒక పూట. ఇక్కడ ఇద్దరం పది రోజులు లాగుతాం. స్నానం రెండు నిమిషాలు, సబ్బు రాసుకునేటప్పుడు షవర్ కట్టెయ్యాలి. గిన్నెలు ముందు టిష్యూతో తుడిచి తర్వాత కడుగుతాను. ట్యాంకు అయిపోయే ముందు పంపు గొంతు మారుతుంది, గర్‌ర్‌ర్ అని. ఇప్పుడు నిద్రలో విన్నా లేచి కూర్చుంటాను. నీళ్ళ కుళాయి ఉన్న చోటికి వెళ్ళి, ట్రస్టు తాళంచెవితో తెరిచి, గొట్టం పెట్టి నింపుకోవడానికి గంట పైన పడుతుంది. అక్కడ ఇంకో రెండు పడవలు ముందుంటే ఆదివారం పోయినట్టే.

కరెంటు కప్పు మీద సోలార్ పలకల నుంచి వస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రాజభోగం. నవంబర్ నుంచి రోజూ గంటో రెండు గంటలో ఇంజను నడిపి బ్యాటరీలు నింపుకోవాలి, అదీ రాత్రి ఎనిమిది తర్వాత నడపకూడదు, పక్కవాళ్ళకి ఇబ్బంది. మిక్సీ వేయాలంటే ఇన్వర్టర్ మీద లెక్క చూసుకోవాలి. మా 750 వాట్ల మిక్సీ తిరగడం మొదలెట్టేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది, మొదటిసారి కొబ్బరి పచ్చడి వేస్తే మొత్తం పడవలో లైట్లు పోయాయి. అందుకని రుబ్బడాలన్నీ ఇంజను నడుస్తున్నప్పుడే. ఇడ్లీ పిండి పులవడానికి మాత్రం లండన్‌లో మా పడవని మించింది లేదు. రాత్రి పొయ్యికి రెండడుగుల దూరంలో గిన్నె పెడితే తెల్లారేసరికి మూత ఎత్తేసి ఉంటుంది. ఫ్లాట్‌లో ఏడేళ్ళూ ఓవెన్‌లో లైటు వేసి, దుప్పటి కప్పి, ఎన్ని పాట్లు పడ్డానో!

పొయ్యి అంటే చిన్న ఇనప కుంపటి లాంటిది, పొగరాని బొగ్గు వేస్తాం. చలి గట్టిగా ఉంటే వారానికి రెండు పాతిక కిలోల బస్తాలు. బొగ్గు, డీజిల్, గ్యాస్ సిలిండర్లు అమ్మే పడవ కాలవ మీదే తిరుగుతూ వస్తుంది, మన వీధిలోకి కూరగాయల బండి వచ్చినట్టు. పొయ్యి దగ్గర 28 డిగ్రీలుంటే మంచం దగ్గర 14. ఊపిరి ఆవిరంతా కిటికీల మీద చేరి బొట్లు బొట్లుగా కారుతుంది, పొద్దున్నే తుడవకపోతే బూజు. నా పెళ్ళి చీర మంచం కింద అరలో పెట్టి మర్చిపోయాను. మార్చిలో తీస్తే అంచు పొడుగునా నల్ల చుక్కలు. అది చూసి ఏడ్చాను, దాచడం ఎందుకు. పడవ అమ్మేద్దామని అన్నది ఆ ఒక్కరోజే. ఇప్పుడు పట్టుచీరలన్నీ ఈస్ట్‌హామ్‌లో మా వదిన వాళ్ళింట్లో ఉన్నాయి.

చీరల మాటొచ్చింది కాబట్టి ఇంకో చీర కథ. ఆల్పర్టన్ దగ్గర, అంటే గుడులూ, మన కూరగాయల కొట్లూ ఉన్న వైపు, కాలవలో కొబ్బరికాయలు తేలుతూ కనపడతాయి. పూజ సామాను నిమజ్జనం చేస్తారు మనవాళ్ళు, గంగ లేకపోతే గ్రాండ్ యూనియన్. ఒకరోజు అక్కడ వెళ్తుంటే ఇంజను మూలగడం మొదలెట్టింది, చుక్కాని చేతిలో వణికింది, వెనక నల్లపొగ. గట్టుకి తోసి కట్టేశాం. వెనక డెక్కు కింద ఒక మూత ఉంటుంది, అది తీస్తే నేరుగా ప్రొపెల్లర్ మీదకి చెయ్యి వెళ్తుంది. ముందు ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకోవాలి, ఇది మర్చిపోతే వేళ్ళుండవు. ఆయన మోచేతి దాకా చలి నీళ్ళలో పెట్టి, బ్రెడ్డు కోసే కత్తితో ముప్పావుగంట కోశారు. మొదట ప్లాస్టిక్ సంచి, తర్వాత తాడు, తర్వాత ఎర్రటి గుడ్డ, లాగేకొద్దీ వస్తూనే ఉంది, చివరికి జరీ అంచు బయటపడింది.

"అయ్యో, పట్టుచీర!" అన్నారు.

"పట్టు కాదండీ, పాలియెస్టర్. కోయండి," అన్నాను.

మూత మళ్ళీ గట్టిగా బిగించామో లేదో ఇద్దరం విడివిడిగా చూసుకున్నాం. ఆ మూత వదులుగా ఉండి ఇంజను స్టార్ట్ చేస్తే ప్రొపెల్లర్ నీళ్ళని లోపలికి తోస్తుంది, అలా మునిగిన పడవలున్నాయి.

ఇక లాకులు. లండన్‌లోనే ఉన్న లిటిల్ వెనిస్ నుంచి పడమరకి వచ్చే కాలవ పాయ 13 మైళ్ళకి పైనే, ఒక్క లాకు లేదు, నెత్తి మీద రోడ్లు పోతుంటాయి, ఒకచోట మనమే నార్త్ సర్క్యులర్ రోడ్డు పైనుంచి వంతెన మీద పడవ నడుపుకుంటూ వెళ్తాం, కింద కార్లు ట్రాఫిక్‌లో ఆగి ఉంటాయి, మనం గంటకి నాలుగు మైళ్ళ లోపు వెళ్తూ వాటిని చూసి నవ్వుకోవచ్చు. కౌలీ దాటి ఉత్తరానికి తిరిగితే మాత్రం లాకులు వరసగా వస్తాయి. తలుపులు చెక్కవి, ఒక్కోదానికి పొడుగాటి దూలం, దానికి వీపు ఆనించి కాళ్ళు తన్నిపెట్టి నెట్టాలి. తూములు ఎత్తడానికి ఎల్ ఆకారంలో ఇనప హ్యాండిల్ ఉంటుంది, అది పంటి చక్రానికి తగిలించి తిప్పాలి. రెండువైపులా నీళ్ళు సమానం అయ్యేదాకా నువ్వు ఎంత నెట్టినా తలుపు కదలదు. సమానం కాగానే చిన్నపిల్ల నెట్టినా తెరుచుకుంటుంది.

మొదటి వేసవిలో డెన్‌హామ్ దగ్గర లాకులో కిందికి దిగుతూ నాన్నకి వీడియో కాల్ చేశాను. పదకొండు అడుగులు దిగుతుంది, లోతైన లాకు. మా ఆయన పడవలో చుక్కాని దగ్గర, నేను పైన తూము దగ్గర, ఫోన్ ఒక చేతిలో. నాన్న కళ్ళజోడు పెట్టుకుని అంతా చూస్తున్నారు, ఏమీ మాట్లాడట్లేదు. సగం తూము ఎత్తాను. నీళ్ళు దిగుతున్నాయి. ఉన్నట్టుండి, "అల్లుడుగారు ఎక్కడున్నారో చూడు, పడవ తోక వెనక్కి జరుగుతోంది. పై తలుపు కింద గట్టు ఉంటుందమ్మా, నీళ్ళు దిగేటప్పుడు తోక దాని మీద కూర్చుందా, ముందు భాగం దిగిపోయి మునుగుతుంది. ముందుకి పోనీమను!" అన్నారు. నిజమే, గోడ మీద తెల్ల గీత గీసి ఉంది, దాని వెనక్కి రాకూడదని. మా తోక ఆ గీత మీద ఉంది. నేను పైనుంచి అరిచాను, ఆయన ఇంజను ముందుకి వేశారు, నేను తూము దించేశాను. కాసేపటికి నీళ్ళు దిగాక ఆ గట్టు బయటపడింది, తడిసిన రాయి, నాచు పట్టి, మా పడవకి ఒక మూర దూరంలో.

"నీకెలా తెలుసు నాన్నా?"

"మీ తాత నన్ను అక్కడే నిలబెట్టి చూపించాడమ్మా, ఏడేళ్ళప్పుడు. ఒక్కసారి కాదు."

అడ్రస్ గొడవ గురించి చాలామంది అడుగుతారు. ఉత్తరాలన్నీ వదిన వాళ్ళింటికి వస్తాయి, బ్యాంకు, ఆఫీసు, అన్నిటికీ అదే. డాక్టర్ దగ్గర నమోదుకి ఇక్కడ అడ్రస్ రుజువు అవసరం లేదు, ఆ సంగతి రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళకే తెలియకపోవడం మామూలే, నేను వెబ్‌సైట్ పేజీ ఫోన్‌లో పెట్టుకుని చూపించాల్సి వచ్చింది. మేం పడవ కొనేనాటికి మాకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది. వీసా మీద ఉన్నవాళ్ళు, అడ్రస్ మారితే చెప్పాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్ళు, ఈ పనికి దిగే ముందు లాయర్‌ని అడగండి, నన్ను కాదు.

నా డ్యూటీలకి 14 రోజులకోసారి దారి మారుతుంది. ఒక వారం ట్యూబ్ స్టేషన్ ఐదు నిమిషాలు, ఇంకో వారం గట్టు మీద ఇరవై ఐదు నిమిషాల నడక, తర్వాత బస్సు. రాత్రి షిఫ్టు అయ్యాక చీకటి గట్టు మీద ఒక్కదాన్నే నడవను, ఆయన టార్చి పట్టుకుని ఎదురొస్తారు, ఆయన ఊళ్ళో లేకపోతే రెండు రోజులు వదిన ఇంట్లోనే. ఒంటరిగా ఉన్న అమ్మాయిలు చాలామంది పడవల్లో హాయిగానే ఉంటున్నారు, నాకు మాత్రం ఆ ధైర్యం లేదు.

మనవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఉగాదికి కలిసినప్పుడు ఒకావిడ "పాపం, ఇంకా అక్కడే ఉన్నారా?" అంది, ఏదో ఆసుపత్రిలో ఉన్నట్టు. అత్తయ్యగారు ఊళ్ళో "లండన్‌లో సొంతిల్లు కొన్నారు, నీళ్ళ ఒడ్డున" అని చెప్తున్నారట. అబద్ధమైతే కాదు.

డబ్బు లెక్క. 50 అడుగుల పడవకి లైసెన్సు, ఇన్సూరెన్సు, డీజిల్, బొగ్గు, గ్యాస్, ఇంజను సర్వీసు, వారం వారం బట్టలు ఉతికించే దుకాణం ఖర్చు, మూడేళ్ళకోసారి పైకెత్తి నల్లరంగు వేయించడానికి వెయ్యికి పైన, చచ్చిపోయిన బ్యాటరీలకి ఒకసారి 900, అన్నీ నెలలకి పంచితే మాకు దాదాపు 500 పౌండ్లు పడుతోంది. కౌన్సిల్ ట్యాక్స్ లేదు. ఫ్లాట్‌లో ఉండి ఉంటే అద్దె, బిల్లులు కలిపి రెండు వేలు దాటేది. మూడేళ్ళలో లోన్ తీర్చేసి 40 వేలకి పైగా వెనకేశాం. ఇది ఒకవైపు. రెండోవైపు, ఈ పడవ ఇవాళ అమ్మితే మేం పెట్టింది రాదు, ఇల్లయితే విలువ పెరిగేదేమో, పడవ తుప్పు పడుతుంది. ఇంకా షీట్‌లో లేని కాలమ్ ఒకటుంది: వారానికి ఎనిమిది నుంచి పది గంటలు నీళ్ళకి, డబ్బాకి, బొగ్గుకి, జరగడానికి పోతాయి. ఆ గంటలకి జీతం కట్టి చూస్తే చౌక అన్న మాట కాస్త నీరసపడుతుంది. మా ఆయనకి ఇది చెప్తే ఆ కాలమ్ వేయడం లేదు, నేను అడిగినప్పుడల్లా ఇంజను ఆయిల్ చూడ్డానికి వెళ్తారు.

చిన్నపిల్లలుంటే చేయొద్దంటాను. పిల్లలతో ఉన్నవాళ్ళు మాకు తెలుసు, నడకొచ్చిన పిల్లాడికి ఇంట్లో కూడా లైఫ్ జాకెట్టు వేసే తల్లిని చూశాను, ఆవిడకి నిద్ర ఉండదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళూ వద్దు. ఇద్దరిలో ఒకళ్ళకి ఇష్టం లేకపోతే అసలు వద్దు.

చూడ్డానికి వస్తామని అడిగేవాళ్ళందరూ జూన్‌లోనే వస్తామంటారు, ఎండలో డెక్కు మీద కూర్చుని బాతులకి తిండి వేస్తూ ఫొటోలు దిగొచ్చని. జూన్‌లో వద్దు. కొనే ఉద్దేశం నిజంగా ఉంటే జనవరిలో రండి, శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం దాకా ఉండండి. ఇడ్లీలు నేను పెడతాను. శనివారం పొద్దున్న డబ్బా పారబోసే వంతు మాత్రం మీదే.